మెట్ల మేడం

మా సైకాలజీ మేడం పోయారన్న సంగతి నాకు చీరాల బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు నాతోపాటు బి.ఎడ్. చదివినవాడే. ఇప్పుడు గుంటూరులో సొంతంగా కాన్వెంటు పెట్టుకుని, మెడకు టై బిగించిన పసిపిల్లల్ని రిక్షాల్లో కుక్కి తెప్పించుకుంటున్నాడు. "ఒరేయ్, మన మెట్ల మేడం పోయిందిరా, నిన్న. రేపు వాళ్ళ ఊళ్ళోనే మట్టి చేస్తారంట" అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. "ఎనిమిదో మెట్టు ఎక్కకుండానే పోయింది పాపం" అని, తన మాటకు తనే నవ్వాడు.

నేను నవ్వలేదు. బాగోదనుకున్నాడో ఏమో, చేతిలోని వేరుశనక్కాయల పొట్లం నా వైపు చాపాడు. అక్కర్లేదన్నాను. ఇంతలో వాడి బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపాడు కూడా. వాడు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాకింత కోపం వచ్చేది కాదు.

మొదటిరోజు క్లాసులోకి వచ్చినప్పుడు మేడం తన పేరు చెప్పలేదు, మా పేర్లు అడగలేదు. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు మెట్లు గీశారు. కింది మెట్టు మీద చంటిపాప, పై మెట్టు మీద కర్ర పట్టుకున్న ముసలామె. బొమ్మలు వేయడం ఆవిడకు బొత్తిగా రాదు. పాపా ముసలామే ఒకేలా ఉన్నారు. మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఎనిమిది మెట్లు ఎక్కుతాడని అమెరికాలో ఒక పెద్దమనిషి చెప్పాడట. ఒక్కో మెట్టు మీద ఒక్కో తగాదా. చంటితనంలో ఈ లోకాన్ని నమ్మొచ్చా, వద్దా అని. నడక వచ్చాక నా అంతట నేను చేసుకోగలనా, చేతగాక సిగ్గుపడాలా అని. ఆటల వయసులో నేనే ముందడుగు వేయొచ్చా, తప్పు చేశానని బెదిరిపోవాలా అని. బడికెళ్ళే వయసులో నాకు ఏదైనా పని చేతనవునా, నేను ఎందుకూ కొరగానా అని. మీసం మొలిచే వయసులో అసలు నేనెవర్ని అని. ఇలా పైదాకా. కింద తగాదా తేలకపోతే అది పై మెట్టు మీదకి కూడా వెంట వస్తుంది. "మెట్టు దూకి ఎక్కడం లేదయ్యా" అనేవారు మాటిమాటికీ. అందుకే మెట్ల మేడం.

ఎనిమిదో మెట్టు దగ్గర మాత్రం సుద్ద ఆగిపోయేది. ముసలితనంలో వెనక్కి తిరిగి చూసుకుంటే బతుకు నిండుగా కనిపిస్తుందా, వట్టిపోయినట్టు కనిపిస్తుందా అన్నది అక్కడి తగాదా. అంతవరకే చెప్పి, "దీని సంగతి నాకు తెలియదు. రిటైరయ్యాక తెలుసుకుని మీ అందరికీ కార్డు రాస్తాను. అందాకా ఖాళీ వదలండి" అనేవారు. మేం ఖాళీ వదిలాం. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు తిట్టుకున్నాం కూడా.

పాఠం చెప్పేటప్పుడు ఆవిడ ఆ దేశాల పెద్దమనుషుల్ని పక్కింటివాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేవారు. చంటితనం నుంచే మనిషిలో కామం ఉంటుందన్న వియన్నా డాక్టరు పాఠం వచ్చిన రోజు మా ఆడపిల్లలు తలలు దించేసుకున్నారు, వెనక బెంచీల మగపిల్లలు ముందు బెంచీల్లోకి వచ్చి కూర్చున్నారు. ఆవిడ బైబిలు చదివినంత నిదానంగా పాఠమంతా చదివి, "ఈయన చూసిన ఇళ్ళల్లో పడకగదులు వేరుగా ఉండేవయ్యా. మాది ఒకటే గది. మా సంగతి అడిగితే ఏం రాసేవాడో" అని పుస్తకం మూశారు. ఇంకో అమెరికా పెద్దమనిషి నీతి ఎలా పెరుగుతుందో కనిపెట్టడానికి ఒక కథ అడిగేవాడట. భార్య చావుబతుకుల్లో ఉంది, మందుల షాపువాడు కనికరించడు, మొగుడు ఆ మందు దొంగిలించవచ్చా, కూడదా? మా క్లాసులో అద్దంకి కుర్రాడు లేచి, "ముందు ఆ షాపు ఎవరిదో చెప్పండి మేడం" అన్నాడు. మేడం బల్ల పట్టుకుని నవ్వారు. ఆవిడ అంతగా నవ్వగా నేను చూసింది అప్పుడే. "నీకు వంద మార్కులు వేయాలి, లేకపోతే సున్నా వేయాలి. ఏది వేయాలో తెలియడం లేదు" అన్నారు.

అన్నిటికంటే ఆవిడకు స్విట్జర్లాండు ముసలాయన ఇష్టం. పిల్లల తెలివి వయసును బట్టి ఎలా మారుతుందో చెప్పినాయన. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒక గ్లాసులోవి పొడుగాటి సన్నగ్లాసులోకి వంచి, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడగడం ఆయన పరీక్ష. చిన్నపిల్లలు పొడుగుదాంట్లో ఎక్కువంటారు. ఏడెనిమిదేళ్ళు దాటాక సమానమే అంటారు. "ఏ దేశంలో అయినా సరే, ఏ కడుపున పుట్టినా సరే. ఈ పుస్తకానికి ఊరూ పల్లే తెలియవయ్యా" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతు మారిపోయేది.

మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఊరి బయట, చర్చి ఉన్న దిక్కున, కూలికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు పల్లె. మేడం పర్చూరు వైపు పల్లెలో పుట్టారు. వాళ్ళమ్మ మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరేది. మంచి ఎరుపు కాయలు ఒక పక్కకి, రంగు పోయిన తాలుకాయలు ఒక పక్కకి. నేను దూదేకుల వాళ్ళ పిల్లవాణ్ణి. పరుపుల దూది ఏకడం మా నాన్న పని. మాకు హోటల్లో అందరి గ్లాసే ఇస్తారు, పెళ్ళిబంతిలో మాత్రం చివర కూర్చోబెడతారు. ఊరికీ పల్లెకీ మధ్యన నిలబడ్డవాణ్ణి కనుక నాకు రెండు వైపులా కనిపించేది. పెద్ద గొప్ప కాదది. కనిపించకపోతేనే హాయి.

మేడం చేతిసంచిలో ఎప్పుడూ చిన్న స్టీలు గ్లాసు ఉండేది. ఎక్కడ దాహమేసినా అది తీసి, నీళ్ళు తాగి, రుమాలుతో తుడిచి మళ్ళీ లోపల పెట్టుకునేవారు. బ్రాహ్మలకు లేని మడి ఈవిడకెందుకని మా వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ముసలి అటెండరు ఒకరోజు నాకు అసలు సంగతి చెప్పాడు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్టాఫ్‌రూమ్‌లో కుండ పక్కన బోర్లించిన గ్లాసులు కాక, కిటికీలో విడిగా ఒక గ్లాసు వెలిసిందట. ఎవరూ ఏమీ అనలేదు. ఇలాంటివి ఎవరూ అనరు. అది ఎవరికోసమో ఆవిడకు అర్థమైంది. మర్నాడు ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకున్నారు. కిటికీలో గ్లాసులో అటెండరు పెన్సిళ్ళు పెట్టుకున్నాడు. నేను చదివేనాటికి కూడా అందులో పెన్సిళ్ళే ఉన్నాయి.

ఆవిడకు ఇంకో అలవాటుండేది. ఎవరైనా మంచి జవాబు చెబితే దగ్గరికి వచ్చి, ముంజేయి తిప్పి, దాని వెనక వైపుతో భుజం మీద ఒక్కసారి రాసేవారు. ఆడపిల్లలకైతే బుగ్గమీద. అరచేత్తో ముట్టుకునేవారు కాదు. మేమంతా ముంజేతి ఆశీర్వాదం అని నవ్వుకునేవాళ్ళం. అదెందుకో వాడరేవులో తెలిసింది. పిక్నిక్‌కని క్లాసంతా వెళ్ళాం. మగపిల్లలు నీళ్ళలో గంతులేస్తున్నారు. ఇసకమీద ఎండబెట్టిన చేపల మధ్య జాలరి పిల్లలు ఆడుకుంటుంటే మేడం వాళ్ళనే చూస్తూ కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చుని, పుస్తకంలో మొదటి మెట్టు గురించి ఏదో అడిగాను. తల్లి స్పర్శ వల్లనే బిడ్డకు లోకం మీద నమ్మకం కుదురుతుందని ఉంటుంది కదా, దాని గురించి.

"మిరపకోతల కాలంలో మా అమ్మ నన్ను చేతుల్తో ముట్టుకునేది కాదయ్యా" అన్నారు. "కాయలు కోసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. పసిపిల్ల ముఖానికి తగిలితే ఇంకేమన్నా ఉందా? అందుకని ముంజేత్తో రాసేది. పాలిచ్చేటప్పుడు కూడా చేతులు రెండూ పక్కకి చాపుకునే ఇచ్చేదంట. కోతలు అయ్యేదాకా అంతే. మా పల్లెలో అమ్మలందరూ అంతే."

"మరి పుస్తకంలో…" అన్నాను.

"పుస్తకంలో చెయ్యి అని రాశాడు. ముంజేయి కూడా చెయ్యే" అన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

టీచింగ్ ప్రాక్టీసుకని మమ్మల్ని ఇద్దరిద్దరు చొప్పున పల్లెటూరి బళ్ళకి పంపారు. కాన్వెంటు పెట్టుకున్నాడని చెప్పానే, వాడూ నేనూ ఒకే బడికి పడ్డాం. అందరం ఒక్కో పిల్లనో పిల్లవాణ్ణో తీసుకుని, పరీక్షలు పెట్టి, రిపోర్టు రాయాలి. ఆ బడి హెడ్మాస్టరు మావాడికి ఒక పల్లె పిల్లను చూపించాడు. పదేళ్ళుంటాయి, ఇంకా రెండో తరగతిలోనే ఉంది. "అది తాలుకాయండీ. ఈ ఏడు బళ్ళోంచి తీసేద్దామనుకుంటున్నా. మీ సైకాలజీలో కూడా బుర్ర లేదని తేలితే నాకు రాతకోతలు తేలికవుతాయి. ఉందని తేలిందా, ఉంచుతా. నాదేం పోయింది?" అన్నాడు. చాలా సౌమ్యంగా అన్నాడు. ఆయన ఎవరినీ కసిరే మనిషి కాదు.

మావాడు గ్లాసుల పరీక్ష పెట్టాడు. రిపోర్టు రాసి మేడంకిచ్చాడు. మేడం క్లాసులో పైకి చదువుతూ ఒకచోట ఆగిపోయారు. "గ్లాసు ముందుకు జరపగా, బాలిక ప్రశ్న అర్థం కాక, గ్లాసు కింద దోసిలి పట్టినది" అని ఉంది.

"దోసిలి ఎందుకు పట్టిందయ్యా?" అని అడిగారు.

"అదే మేడం, అర్థం కాలేదు. తాగడానికి పోస్తాననుకుంది."

"ఆ బళ్ళో నీళ్ళకుండ ఎక్కడుంటుంది?"

"వరండాలో మేడం."

"అందరూ ముంచుకుని తాగుతారా?"

మావాడు మామూలుగానే చెప్పాడు, దాచాలని కూడా అనుకోలేదు. "లేదు మేడం, వాళ్ళకి ఎవరో ఒకళ్ళు పోస్తారు. పెద్ద క్లాసు పిల్లలు."

"వాళ్ళకి" అని ఆ మాటను మేడం ఒక్కసారి పైకి అన్నారు. మావాడు అప్పటికీ తను అన్నదేమిటో గ్రహించలేదు. ఆ బళ్ళో ఆ పిల్ల దగ్గరికి గ్లాసు వచ్చిందంటే పైనుంచి నీళ్ళు పడతాయనే అర్థం, పట్టుకోమని కాదు. పదేళ్ళ పిల్లకి ఆ సంగతి తెలుసు. దాన్ని బుద్ధిహీనత కింద రాసుకొచ్చినవాడు మాత్రం డిగ్రీ చదివినవాడు. మేడం రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని, "రేపు నేనొస్తాను" అన్నారు.

కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బస్సు దిగి నడుస్తుంటే మావాడూ నేనూ దగ్గుతూనే ఉన్నాం, మేడం దగ్గలేదు. తెల్లదోమ తినేసిన పత్తిచేలు దాటి బడికి చేరేసరికి హెడ్మాస్టరు వరండాలో ఉన్నాడు. మేడంతో ఎలా మాట్లాడాలో ఆయనకు పెద్ద చిక్కు వచ్చిపడింది. మీరు అనడానికి నోరు రాదు. నువ్వు అనడానికి ధైర్యం చాలదు. అందుకని రెండూ అక్కర్లేకుండా మాటలు కూర్చుకున్నాడు. "కూర్చోవచ్చు." "టెస్టు ఇక్కడే పెట్టుకోవచ్చు." "పిల్ల చేలో ఉంది, పిలిపించడం జరుగుతుంది." మేడం మాత్రం, "థాంక్సండీ మాస్టారూ, మీకు శ్రమ ఇస్తున్నాను" అన్నారు, ఒక్క అండి కూడా వదలకుండా.

పిల్లను చేలోంచి తీసుకొచ్చారు. చేతులు రెండూ ఒంటికి తగలకుండా పక్కలకు ఎత్తి పట్టుకుని వచ్చింది. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. మేడం లేచి ఎదురెళ్ళి, ముంజేయి తిప్పి ఆ పిల్ల బుగ్గమీద రాశారు. ఆ పిల్ల చటుక్కున తలెత్తి చూసింది, నవ్వింది. మా అందరికీ వింతగా ఉండే ఆ పలకరింపు ఆ పిల్లకు వింతగా లేదు.

మేడం తన స్టీలు గ్లాసు తీసి, కుండలో తనే ముంచి, "ముందు దాహం తీర్చుకోమ్మా" అని చేతికివ్వబోయారు. పిల్ల వెనక్కి జరిగింది. "చేతులు మంటమ్మా. గ్లాసుకంటుద్ది. తాగినోళ్ళకి నోరు మండుద్ది" అంది.

"నీ తర్వాత తాగేది నేనే. పట్టుకో" అన్నారు మేడం.

పిల్ల పట్టుకుని, గ్లాసు ఎత్తి నోట్లో పోసుకోబోయింది. "మూతి ఆనించి తాగు, ఫర్వాలేదు" అన్నారు. అలాగే తాగింది. మిగిలిన నీళ్ళు మేడం తాగారు. హెడ్మాస్టరు రోడ్డు వైపు చూడసాగాడు.

తర్వాత గాజు గ్లాసులు పెట్టి పరీక్ష మొదలుపెట్టారు. రెండిట్లో సమానంగా పోసి అడిగితే, "సమానమే" అంది పిల్ల, చక్కగా, ఖంగుమని. ఒకదానిలోవి పొడుగాటి గ్లాసులోకి వంపారు. "ఇప్పుడు చెప్పు, ఎందులో ఎక్కువున్నాయి? లేకపోతే సమానమా?"

పిల్ల గ్లాసుల వైపు చూడలేదు. మేడం ముఖం చూసింది, వెనక నిలబడ్డ హెడ్మాస్టరు ముఖం చూసింది. "ఇందాక చెప్పా గదమ్మా" అంది మెల్లిగా.

ఇక్కడ ఆగి ఉంటే సరిపోయేది. పుస్తకంలో అలా లేదు. పిల్ల తిన్నగా జవాబు చెప్పకపోతే అదే ప్రశ్న, అవే మాటలతో, ఏ సూచనా ఇవ్వకుండా మళ్ళీ అడగాలని ఉంది. మేడం మళ్ళీ అడిగారు. హెడ్మాస్టరు వెనక నుంచి, "సరిగ్గా చూసి చెప్పవే" అన్నాడు.

"పొడుగుదాంట్లో" అంది పిల్ల.

"ఎందుకమ్మా?"

"ఏమో."

హెడ్మాస్టరు కండువా సర్దుకున్నాడు.

మేడం పిల్లను బడి వెనక్కి, వేపచెట్టు కిందికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. "ముందు సమానమన్నావు గదా, ఎందుకు మార్చావమ్మా?" అని అడిగారు.

"మళ్ళా అడిగారుగా" అంది పిల్ల, ఇంత చిన్న విషయం చెప్పాలా అన్నట్టు. "మళ్ళా అడిగారంటే ముందు చెప్పింది తప్పని. మార్చి చెప్పాల. లేకపోతే కొడతారు."

"మరి నిజంగా ఎందులో ఎక్కువున్నాయి?"

పిల్లకు నవ్వొచ్చింది. "ఏడ ఎక్కువైద్దమ్మా? అయ్యే నీళ్ళు గదా! గంపలో కాయలు పట్టామీద పోస్తే ఎక్కువవుతయ్యా?"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "అంతే మేడం! తెలుసని రాసెయ్యండి" అన్నాను.

మేడం రిపోర్టు కాగితం మోకాలి మీద పెట్టుకున్నారు. "చెట్టుకింద చెప్పింది లెక్కలోకి రాదయ్యా" అన్నారు. "పరీక్షలో చెప్పిందే జవాబు. ఊళ్ళో పెద్దరైతు మనవడు పరీక్షలో తప్పి, బయటికొచ్చి ఒప్పు చెబితే నేను రాసుకుంటానా? మన పిల్లలకని ఇవాళ నేను కొలబద్ద వంచితే రేపు వాళ్ళ పిల్లలకని వాళ్ళు వంచుతారు. వంచడం వాళ్ళకి మనకంటే బాగా వచ్చు."

"మేడం, దాన్ని బళ్ళోంచి తీసేస్తాడు."

"కారణాలన్నీ రాస్తాను. చదువుకున్న మనిషేగా, చదువుతాడు."

రాశారు. మొదటి వాక్యం, "పరీక్షలో ఆశించిన జవాబు రాలేదు." ఆ కింద రెండు పేజీల నిండా ఆ జవాబు ఎందుకు మారిందో, కుండ సంగతి, కొట్టడం సంగతి, గంప సంగతి, ఈ పిల్ల తెలివికి ఏ లోటూ లేదన్న తన అభిప్రాయం, అన్నీ దస్తూరీ చెదరకుండా రాశారు. హెడ్మాస్టరు మొదటి వాక్యం చదివి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంక చాలు, వెళ్ళవచ్చు" అన్నాడు.

నాకు ఆవిడ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇప్పటికీ పోలేదు, పోయిన మనిషి మీద కోపమేమిటని ఎవరన్నా అంటే అననీ. ఒక్క వాక్యం మార్చి రాస్తే పోయేది. పుస్తకం రాసిన ఆ ముసలాయన వచ్చి అడుగుతాడా? ఆవిడ నమ్మకం ఏమిటో నాకు తెలియక కాదు. పల్లె నుంచి బోర్డింగు బడికి, అక్కణ్ణుంచి వాల్తేరు యూనివర్సిటీ దాకా ఆవిణ్ణి తీసుకెళ్ళింది నంబరు వేసిన పరీక్ష కాగితాలే. ఆ కాగితం ఒక్కటే ఆవిణ్ణి ఎవరి పిల్లవని అడగలేదు. అందుకే దాని మీద ఈగ వాలనిచ్చేవారు కాదు. కానీ ఆ కాగితాన్ని దిద్దినవాళ్ళు ఎక్కడో దూరాన ఉన్నారు. ఈ పిల్ల కాగితం చదివేవాడు వరండాలోనే నిలబడి ఉన్నాడు. అంత చదివిన మనిషికి ఆ తేడా తెలియలేదంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పిల్లను తీసేశారు. సంగతి తెలిసి మేడం ఆ పిల్ల ఉండే పల్లెకు వెళ్ళారు, నన్ను తోడు తీసుకుని. బోర్డింగులో చేర్పిస్తాను, పంపించమని ఆ పిల్ల తల్లిని బతిమాలారు. తల్లి తాలుకాయలు ఏరుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే అంది: "మీరే గదమ్మా రాసింది, దీనికి బుర్ర లేదని. మేష్టరుగారు అందరికీ చెప్పాడు. మనోళ్ళే రాసినాక ఇంగ ఎవుర్ని నమ్మేది? కోతలకన్నా పోనీ, ఆ పనన్నా వచ్చుద్ది."

పిల్ల ఇంట్లో లేదు, చేలో ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేడం దాహంగా ఉందన్నారు. సంచిలోంచి గ్లాసు తీశారు గానీ నీళ్ళు అడగలేదు, దిగేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ తర్వాత కూడా బోర్డు మీద మెట్లు గీశారట. నా తర్వాత చదివినవాళ్ళు చెప్పారు. నాలుగో మెట్టు దాకానే వివరంగా చెప్పి, "మిగతావి పుస్తకంలో చూసుకోండి" అనేవారట. నాలుగోది బడి వయసు పిల్లల మెట్టు, నాకు పని చేతనవునా, నేను ఎందుకూ కొరగానా అన్నది. ఒక్కోసారి అక్కడ సుద్ద పట్టుకుని నిలబడిపోయేవారట. మూడోవంతు మందికి అది ఆవిడ చాదస్తం, మిగతా వాళ్ళకి సిలబస్ పూర్తి కాలేదన్న బెంగ.

మట్టి చేసిన రోజు మేడం పుట్టిన పల్లెలో, చర్చి ముందు పెట్టె ఉంచారు. మళ్ళీ కోతల కాలమే. మా బ్యాచ్‌లో వచ్చింది నేనొక్కణ్ణే. ఆ బడి హెడ్మాస్టరు మాత్రం వచ్చాడు, ఇప్పుడు ఆయన టీచర్ల సంఘంలో పెద్దమనిషి. రాక తప్పదు. పాస్టరుగారు మాట్లాడమంటే లేచి, "మేడంగారు ఊరూ పల్లే తేడా లేని మనిషి. మేడంగారి లోటు తీరనిది" అన్నాడు. బతికుండగా రాని మేడంగారు అన్న మాట ఎంత సులువుగా వచ్చిందో! పల్లెవాళ్ళు అందరికీ టీ ఇస్తుంటే, "ఇప్పుడే తాగొచ్చానండీ" అన్నాడు. ఆ అండి మాత్రం వాళ్ళకి కొత్త.

పెట్టె మూత వేయబోతుండగా చుట్టుపక్కల పల్లెల నుంచి కోతలకొచ్చిన కూలి ఆడవాళ్ళు చేలోంచి గబగబా వచ్చారు. వాళ్ళలో ఒక పిల్ల ముందుకొచ్చింది. పద్నాలుగో పదిహేనో ఉంటాయి, తలకు గుడ్డ చుట్టుకుంది, చేతులు పక్కలకు ఎత్తి పట్టుకుని ఉంది. చూడగానే గుర్తుపట్టాను. పాస్టరుగారు మూత ఆపించారు. ఆ పిల్ల వంగి, ముంజేయి తిప్పి, మేడం బుగ్గమీద ఒకసారి రాసింది. ఏడవలేదు. వచ్చినట్టే వెనక్కి వెళ్ళి ఆడవాళ్ళలో నిలబడింది.

నాకు కళ్ళు మండాయి. కల్లాల ఘాటు వల్ల కాదు.

నా పక్కన నిలబడ్డ హెడ్మాస్టరు నా చెవి దగ్గరికి వంగాడు. "ఎవరా పిల్ల? మేడంగారి చుట్టమా?"

"మీ బడి పిల్లేనండీ" అన్నాను.

"మా బడా?" ఆయన నుదురు ముడిచి కాసేపు చూశాడు. నిజంగానే గుర్తు రాలేదు. నటన కాదు. "కాదనుకుంటా. సరిగ్గా చూసి చెప్పండి, ఎవరు?" అని మళ్ళీ అడిగాడు.

మళ్ళీ అడిగితే జవాబు మార్చాలని ఆ పిల్లకు నేర్పిన గొంతు అది. నేను తిన్నగా ఆయన ముఖంలోకి చూశాను.

"మీ బడి పిల్లే" అన్నాను.